బేరమంతా కూలి దగ్గరేనా?

వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఊరేదైనా సరే, సొంత మిద్దె ఉన్న నలుగురు కలిసిన చోట ప్లంబరు మాట వచ్చిందంటే తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. వాళ్లు దోచేస్తున్నారు. వాషరు మార్చినందుకు మూడొందలట, పట్టుమని పది నిమిషాలు పట్టలేదట. పైపు అతికించినందుకు ఐదొందలట, ఆ పైపు ముక్క ఖరీదు యాభై కూడా లేదట. ఈ మాట అందరి నోటా ఎంత నలిగిందంటే, దాన్ని లెక్కగట్టి చూసేవారే లేకుండా పోయారు. కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి పెద్దలిచ్చే మొదటి సలహా కూడా ఇదే: ప్లంబరు అడిగినదాంట్లో సగం నుంచి బేరం మొదలుపెట్టు. ఈ అభిప్రాయం తప్పని, దీనివల్ల అందరికన్నా ఎక్కువగా నష్టపోతున్నది ఇంటి యజమానేనని నా వాదన. మన ఇళ్లలో నీటి పనులకయ్యే ఖర్చు ఎక్కువే, అందులో సందేహం లేదు. ఆ ఖర్చులో కూలి వాటా మాత్రం చిన్నది. ఆ చిన్న వాటాను గీచి గీచి ఇంకా తగ్గించాలని చూస్తున్నాం కాబట్టే మిగతా ఖర్చంతా పెరుగుతోంది.

డబ్బు ఎటు పోతోందో ముందు చూద్దాం. పాత స్నానాలగదిని తిరగదోడి కొత్త లైన్లు, కొళాయిలు, కమోడు, వాష్‌బేసిను పెట్టించాలనుకోండి. సామాను పాతిక వేలు అనుకుందాం. ప్లంబరుకు రోజుకు వెయ్యి, హెల్పరుకు ఏడొందలు చొప్పున రెండు రోజుల పనికి మూడువేల నాలుగొందలు అనుకుందాం. ఊరిని బట్టి, మనిషిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గాని, సామానుకూ కూలికీ ఉన్న తేడా పెద్దగా తగ్గదు. ఇప్పుడు ఆ పాతిక వేల బిల్లు తీసి చూడండి. పైపుల మీదా, ఇత్తడి కొళాయిల మీదా, పింగాణీ సామాను మీదా జీఎస్టీ 18 శాతం. పన్ను కలిపిన ధర పాతిక వేలయితే అందులో పన్నే 3,813 రూపాయలు. ఇద్దరు మనుషులు రెండు రోజులు నేల మీద పాకి, గోడకు గాడి కొట్టి, దుమ్ములో పని చేసినందుకు ఇచ్చే కూలికన్నా ఇది ఎక్కువ. ఆ పన్ను గురించి షాపులో ఎవరూ నోరెత్తరు. కొళాయి పెట్టె మీద అచ్చేసిన ధర చూసి, వందో రెండొందలో తగ్గిస్తే సంతోషంగా డబ్బు కట్టేస్తారు. ఇంటికొచ్చాక మూడువేల నాలుగొందలను మూడువేలు చేయడానికి అరగంట వాదిస్తారు. కంపెనీ కళ్లెదుట ఉండదు, ప్రభుత్వం ఉండదు, ఉన్నది ప్లంబరొక్కడే. ఎదుట ఉన్నాడన్న ఒక్క కారణంతో మొత్తం బిల్లు బరువు అతని కూలి మీద దించుతున్నాం.

ఇక పది నిమిషాల సంగతి. చిన్న రిపేరుకు పిలిచినప్పుడు మనం చూసేది వాషరు మార్చిన పది నిమిషాలనే. అతని లెక్క ఫోను మోగినప్పుడు మొదలవుతుంది. సంచీ సర్దుకుని బండి తీయాలి, ఇల్లు వెతుక్కోవాలి, ఎక్కడ కారుతోందో చూడాలి. నీళ్లు ఆపాలంటే తొట్టి కింద గేట్ వాల్వు తిప్పాలి. అది ఇల్లు కట్టిననాటి నుంచి ఎవరూ ముట్టక బిగుసుకుపోయి ఉంటుంది, గట్టిగా తిప్పితే పిడి ఊడి చేతికొస్తుంది. అప్పుడు తొట్టిలో నీళ్లన్నీ వదిలెయ్యాలి, లేదా అవి అయిపోయేదాకా కూర్చోవాలి. కొళాయి విప్పి చూస్తే లోపలి స్పిండిలు అరిగి ఉంటుంది. కంపెనీకొక కొలత, మోడలుకొక కొలత. అది వాల్మీకిపురం షాపులో దొరక్కపోతే మదనపల్లె పోవాలి, దారి ఇరవై కిలోమీటర్లకు పైనే. పోయిరావడానికి లీటరు పెట్రోలు, అంటే నూరు రూపాయలు దాటుతుంది. ఇలాంటి పిలుపులు రోజుకు మూడు అందుకుంటే ఎక్కువ. మూడొందల చొప్పున తొమ్మిదొందలు వస్తే, అందులో పెట్రోలు పోవాలి, అరిగిన డ్రిల్లు బిట్లు, కటింగు చక్రాలు పోవాలి, పిలుపులు రాని రోజులకు కూడా తిండి మిగలాలి. నెలకు ఇరవై రోజులు పని దొరికినవాడు అదృష్టవంతుడు. అతనికి పీఎఫ్ లేదు, జీతంతో కూడిన సెలవు లేదు. పది నిమిషాలకు మూడొందలంటే గంటకు పద్దెనిమిది వందలని లెక్కగట్టి, అదంతా అతని సంపాదన అనుకునేవారు ఒక పూట అతని వెంట తిరిగితే ఆ లెక్క నిలవదు.

వీటన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇంకొకటుంది: చూసినందుకు డబ్బులేమిటి అన్నది. ప్లంబరు వచ్చి, తడిసిన గోడను తట్టి చూసి, పై అంతస్తు జలదారి దగ్గర నహానీ ట్రాపు చుట్టూ సిమెంటు వదిలేసిందని చెబితే, ఆ చెప్పడానికి మనం రూపాయి ఇవ్వం. పని చేస్తేనే కూలి. పోనీ ఈ సూత్రాన్ని అన్నిచోట్లా పాటిస్తున్నామా? ఈ ప్రాంతంలో బోరు వేయించని ఇంటి యజమాని అరుదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా నడిచి పాయింటు చూపించినవారికి అడిగినంత ఇస్తాం, నీళ్లు పడకపోతే తిరిగి అడగం. తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు బండ్లు అడుగుకింత అని లెక్కగడతాయి, లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది. వెయ్యి అడుగులు దిగి వట్టి దుమ్ము లేచినా చివరి అడుగు దాకా డబ్బు కట్టి బండిని పంపుతాం. భూమిలో ఏముందో ఎవరు చెప్పగలరని సమాధానపడతాం. అదే పెద్దమనసు గోడలో ఏముందో వెతికి చెప్పేవాడి దగ్గరికి వచ్చేసరికి ఉండదు. పైగా అతను చూసేది కొబ్బరికాయతో కాదు. ఏ కొళాయి మూస్తే తడి ఆగింది, మోటారు ఆపాక కూడా సంపులో చప్పుడు వస్తోందా, తడి రోజంతా ఉంటుందా, స్నానాల వేళే పెరుగుతుందా అని ఒక్కొక్క కారణాన్నీ తోసిపుచ్చుకుంటూ పోతాడు. ఆ వెతకడమే అసలు పని. అది చాతకానివాడు నాలుగు చోట్ల టైల్సు పగలగొడతాడు. వెతికినందుకు డబ్బు రాదని తెలిసినవాడు వెతకడం మానేసి పగలగొట్టడంతోనే మొదలుపెడతాడు, ఎందుకంటే పగలగొట్టిన తర్వాతే కూలి లెక్క మొదలవుతుంది. ఈ పద్ధతిని అలవాటు చేసింది మనమే.

ఇన్ని రిపేర్లు అసలెందుకు వస్తున్నాయి? మొదటి కారణం నీళ్లు. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. దాని పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, వేరే ఆధారం లేకపోతే 600 వరకు ఓర్చుకోవచ్చు. ఆ 600 దగ్గర ఉన్న నీటిని వెయ్యి లీటర్ల తొట్టిలో నింపితే, ప్రతిసారీ ఆరొందల గ్రాముల సున్నపు లవణాలను మిద్దె ఎక్కించినట్టే. అదంతా పైపుల్లోనే ఉండిపోదు గాని, వేడి తగిలినచోటా నీళ్లు ఆరినచోటా కొంత కొంత గట్టిపడుతుంది. గీజరు కాయిలు మీద చిప్పలా పేరుకుంటుంది, షవరు కన్నాలు మూసుకుపోతాయి, ఫ్లష్ ట్యాంకు వాషరు కింద ఇసుకలా చేరి దాన్ని ఆనుకోనివ్వదు, కొళాయి లోపలి బిళ్లలను అరగదీస్తుంది. ఆరునెలల కిందటే మార్చాడు, అప్పుడే పోయింది, డూప్లికేటు వేసినట్టున్నాడు అని యజమాని అనుకుంటాడు. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమే కావచ్చు. ఉప్పు పట్టిన నీళ్లకు మంచి సరుకైనా తొందరగా లొంగుతుందన్న సంగతిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. హంద్రీనీవా కాలువలో కృష్ణా నీళ్లు ఈ వైపు వస్తున్నాయి. 2025 ఆగస్టు 30న కుప్పం నియోజకవర్గంలోని పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. నది నీళ్లు ఇంటింటి కొళాయికీ చేరి బోరు మీద ఆధారం తగ్గితే రిపేర్లు కూడా తగ్గుతాయి. అంతవరకూ రాతి నీళ్ల ఖరీదు ప్రతి ఇల్లూ కట్టాల్సిందే. అది ప్లంబరు చేతుల మీదుగా వసూలవుతోంది కాబట్టి అతనే తింటున్నాడని అనుకుంటున్నాం.

రెండో కారణం ఇల్లు కట్టేటప్పుడే నిర్ణయమైపోతుంది. ముప్పై నలభై సైటునే తీసుకోండి. వాస్తు ప్రకారం బోరు, సంపు ఈశాన్యంలో. మిద్దె మీద తొట్టి నైరుతిలో. వంటగది ఆగ్నేయంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో. అంటే నీళ్లు ఎక్కాల్సింది సైటులో ఒక మూల నుంచి ఎదురు మూలకు, వంటింటి మురుగు పోవాల్సింది ఇంకో మూల నుంచి దాని ఎదురు మూలకు. మూలకు మూల సూటిగా కొలిస్తే యాభై అడుగులు. పైపు గోడల వెంట పోవాలి కాబట్టి డెబ్భై అడుగులు, పైకెక్కే ఎత్తు అదనం. నాలుగంగుళాల మురుగు పైపుకు నలభై అడుగులకు అడుగు చొప్పున వాలు ఇస్తే, డెబ్భై అడుగులు పోయేసరికి పైపు అడుగుముప్పావు కిందికి దిగాలి. పునాది ఎత్తు అందుకు చాలకపోతే వాలు తగ్గుతుంది, వాలు తగ్గితే అడ్డుపడుతుంది, అడ్డుపడిన ప్రతిసారీ ప్లంబరు రావాలి. వాస్తు పాటించడం ఎవరి నమ్మకం వారిది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దాని ఖర్చు యజమాని ఎంచుకున్న ఖర్చు అన్నదే నేను చెప్పేది.

దీనికి తోడు గోడలోపల పూడ్చిన పైపులు. బయటికి కనిపిస్తే అందం పోతుందని ప్రతి లైనునూ గాడి కొట్టి లోపల పెట్టి, పైన పూత వేసి, టైల్సు అంటించేస్తున్నాం. పూడ్చేముందు రెండు పనులు తప్పక జరగాలి. లైన్ల చివరలు బిగించి, నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెట్టి కొన్ని గంటలు గేజి ముల్లు దిగకుండా నిలుస్తోందా అని చూడాలి. ఏ పైపు ఎక్కడ ఉందో కొలతలు కనిపించేలా ఫొటోలు తీసిపెట్టుకోవాలి. మొదటిదానికి ఒక పూట పడుతుంది, రెండోదానికి పైసా ఖర్చు లేదు. చాలా ఇళ్లలో ఈ రెండూ జరగవు, ఎందుకంటే బేల్దారి మేస్త్రీ పూతకు సిద్ధంగా నిలబడి ఉంటాడు, ఆగితే అతని కూలి దండగ అని యజమాని తొందరపెడతాడు. పదేళ్ల తర్వాత గోడ తడిసినప్పుడు ఆ పూట విలువ తెలుస్తుంది. అప్పుడు పగలగొట్టిన టైల్సుకు జత దొరకదు, గోడ మొత్తానికీ కొత్తవి వెయ్యాలి, బేల్దారి కూలి, సిమెంటు, రంగు, చెత్త ఎత్తించే బండి, అన్నీ కలిపి వేలల్లోకి పోతుంది. లీకైన ఎల్బో తీసి కొత్తది అతికించిన ప్లంబరుకు అందులో దక్కేది కొన్ని వందలే. ఇల్లంతా చెప్పుకునే మాట మాత్రం ప్లంబింగుకు ఇరవై వేలయిందని.

పైపు ఎంపికలోనూ ఇదే వరస. వేడి నీళ్లకు వాడే మీగడ రంగు సీపీవీసీ పైపు మీద ఎస్‌డీఆర్ 11 అనో ఎస్‌డీఆర్ 13.5 అనో రాసి ఉంటుంది. అంకె పెద్దదయితే గోడ పలచన. రెండూ ఐఎస్ 15778 ప్రమాణం కిందివే, రెండింటికీ వాడకం ఉంది. షాపులో కొటేషన్లు పోల్చేటప్పుడు కింది మొత్తం మాత్రమే చూసి, తక్కువున్నది తీసుకుని, ఎక్కువ చెప్పిన ప్లంబరును దొంగ అనేస్తే, పలచని పైపుకూ మందపాటి పైపుకూ తేడా తెలిసి మంచిది రాసిచ్చినవాడే నష్టపోతాడు.

ఇక నా మీదికి వచ్చే గట్టి ఆక్షేపణకు వస్తాను. ప్లంబర్లకు షాపుల్లో కమీషను ఉంటుంది కదా, పైకి చెప్పే కూలి తక్కువైనా లోపల వేరే అందుతోంది కదా అంటారు. ఉంది. ఊరూరా ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు. అది ఎలా పుట్టి పెరిగిందో చూడాలి. పై ఉదాహరణలోని స్నానాలగదికే ఇద్దరు ప్లంబర్లు వచ్చారనుకుందాం. ఒకతను సామాను మీరే తెచ్చుకోండి, పనికి నాలుగు వేలవుతుంది అంటాడు. రెండో అతను రెండువేల ఎనిమిదొందలు చాలు, సామాను మాత్రం ఫలానా షాపులో తీసుకుందాం అంటాడు. నూటికి తొంభై ఇళ్లు రెండో అతన్నే పెట్టుకుంటాయి, పన్నెండొందలు మిగిలాయని సంబరపడతాయి. షాపు అతనికి నూటికి పది ఇస్తుందనుకుంటే పాతిక వేల మీద రెండున్నర వేలు. షాపువాడు దాన్ని తన లాభంలోంచి ఇవ్వడు, బిల్లులోనే కలిపి తీసుకుంటాడు. సామాను ఎక్కువ పట్టేలా లెక్క రాయడానికీ, బాగుచేస్తే పోయే కొళాయిని మార్చేయమనడానికీ ఆ రెండో అతనికి కారణం దొరికింది. మొదటి అతను ఇలాంటి ఇళ్లు నాలుగు పోగొట్టుకున్నాక తానూ అదే దారి పడతాడు, లేదా బెంగళూరు రైలెక్కుతాడు. కాబట్టి కమీషను ఉందన్న నిజం ప్లంబర్ల జాతి గుణానికి రుజువు కాదు. బయటికి కనిపించే కూలిని అణగదొక్కితే అది కనిపించని దారిలో బయటపడుతుందనడానికి రుజువు. కూలి పూర్తిగా ఇచ్చి, సామాను మనమే కొని, బిల్లు మన పేరున తీసుకుంటే కమీషను ఇవ్వడానికి షాపుకు కారణమే ఉండదు. ప్లంబరును దొంగ అని తిట్టడంకన్నా ఇది తేలిక. అయినా చేయం, ఎందుకంటే అప్పుడు నాలుగు వేల అంకెను కళ్లారా చూడాలి.

ఇంకొక ఆక్షేపణ పనితనం గురించి. చదువు లేదు, సర్టిఫికెట్టు లేదు, వచ్చీరాని పని చేసి అంత డబ్బు అడుగుతారేమిటి అని. ఇందులో సగం నిజముంది. మన దగ్గర ఎక్కువమంది మేస్త్రీ వెంట తిరిగి నేర్చుకున్నవారే. ఐటీఐలో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు, అందులో చేరేవారు తక్కువ. 2016 జాతీయ భవన నిర్మాణ కోడు తొమ్మిదో భాగంలో ప్లంబింగు ఉందన్న సంగతి మేస్త్రీల్లోనే కాదు, ఇంజనీర్లలో కూడా చాలామంది పట్టించుకోరు. అయితే చవక కూలి ఈ లోటును తీరుస్తుందా, పెంచుతుందా? ఒడిశాలో కేంద్రపడా జిల్లా పట్టముండై ప్రాంతం నుంచి తరాలుగా ప్లంబర్లు దేశమంతా పోయి పనిచేస్తున్నారు, ఆ ఊరిలోనే ప్లంబింగుకు ప్రత్యేకంగా ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. ఆ పని ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదన్న భరోసా ఉండబట్టే తండ్రి కొడుక్కు నేర్పాడు. మన వైపు చూడండి. కుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవారు ఎంతమందో ఆ ఊరివారికి తెలుసు. మదనపల్లె నుంచీ బెంగళూరు ఎంతో దూరం లేదు. చెయ్యి తిరిగినవాడికి అక్కడ ఎక్కువ కూలి దొరుకుతున్నప్పుడు ఇక్కడ మిగిలేది ఇంకా నేర్చుకుంటున్నవాడే. గిట్టుబాటు కాని ధర ఏం చేస్తుందో మదనపల్లె టమాటా యార్డుకు వేరే చెప్పక్కర్లేదు. ధర లేక రైతు పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులు ఆ యార్డు చూసింది. సరుకు కరువై 2023 జూలైలో మేలురకం కిలో రెండొందల దరిదాపులకు చేరడమూ చూసింది. చవకగా దొరకాలని పట్టుబట్టిన పనితనం కూడా ఒకరోజు దొరక్కుండానే పోతుంది.

పేదవాళ్ల మాటేమిటని అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. కాలనీ ఇంట్లో ఉండే కుటుంబానికి మూడొందలు ఒక రోజు కూలిలో పెద్ద భాగం. ఆ కుటుంబం గురించి నిజంగా బాధపడేవారు చేయాల్సింది ఆ ఇంటి పైపులను గోడ పైనే క్లాంపులతో బిగించమని చెప్పడం, కొళాయిల సంఖ్య తగ్గించి ప్రతి లైనుకూ ఒక ఆపే వాల్వు పెట్టించడం, ఐఎస్ఐ గుర్తున్న సాదా కొళాయి కొనిపించడం. కనిపించే పైపును ఇంట్లోవాళ్లే బాగుచేసుకోగలరు. ఇంకొక పేదవాడి కూలి కోసి ఈ పేదవాడికి మేలు చేస్తామనడం ఎక్కడి న్యాయం? ప్లంబరు కూడా భవన నిర్మాణ కార్మికుడే. చట్టం ప్రకారం పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపువాడు ఏడాదిలో తొంభై రోజులు పనిచేసి ఉంటే సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. నిర్ణీత మొత్తానికి మించి ఖర్చుపెట్టి ఇల్లు కట్టేవారు కట్టే సెస్సు ఆ బోర్డు నిధికే పోతుంది. ఆ నమోదు గురించి తమ ఇంట్లో పనిచేసేవాడికి చెప్పే యజమానులు ఎంతమంది?

పిలిస్తే డబ్బులడుగుతాడని పిలవకుండా వదిలేయడం ఈ అభిప్రాయం వల్ల వచ్చే మరో నష్టం. ఫ్లష్ ట్యాంకు నుంచి కమోడులోకి సన్నటి దారంలా నీళ్లు జారుతుంటే ఎవరూ పట్టించుకోరు. నిమిషానికి 200 మిల్లీలీటర్లు జారుతోందనుకుందాం. రోజుకు 288 లీటర్లు, నెలకు 8,640 లీటర్లు. ఆ నీళ్లు ఎనిమిదొందల అడుగుల లోతు నుంచి ఎక్కుతున్నాయనుకుంటే, వెయ్యి లీటర్లు ఎత్తడానికే కనీసం 0.66 యూనిట్ శక్తి కావాలి. మోటారు, పంపు కలిసి తీసుకున్న కరెంటులో నలభై శాతమే పనికి తెస్తాయనుకుంటే ఒకటిన్నర యూనిట్ దాటుతుంది. నెలకు సుమారు పద్నాలుగు యూనిట్లు ఊరికే కాలువలో పోయినట్టు. ఇటీవలి టారిఫ్‌లో నెలవాడకం 225 యూనిట్లు దాటాక యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు. ఆ మెట్టు మీదున్న ఇంటికి నెలకు నూటఇరవై, ఏడాదికి పద్నాలుగు వందలకు పైనే. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు కొనే ఇంటికి నష్టం ఇంకా ఎక్కువ. మోటారు అరుగుదల ఇందులో కలపలేదు. వాషరు మార్చడానికి మూడొందలు దోపిడీ అని ఏడాదంతా కూర్చున్న ఇల్లు కట్టిన మూల్యం ఇది.

బేరం అసలు పనికిరాని చోటు ఒకటుంది. మురుగు అడ్డుపడినప్పుడు, తోడే బండి పిలిస్తే ఎక్కువవుతుందని, ప్లంబరుకో కూలికో ఇంకో ఐదొందలు ఇచ్చి సెప్టిక్ ట్యాంకులోకి దిగమనేవారు ఇంకా ఉన్నారు. ఆ గుంతలో పేరుకున్న విషవాయువులు రెండు మూడు ఊపిరుల్లో మనిషిని కూలదోస్తాయి, కాపాడబోయి దిగిన రెండో మనిషినీ తీసుకుపోతాయి. 2013 చట్టం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోకి దించడాన్ని నిషేధించింది. దించినవారికి మొదటిసారే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ నిషేధం పురపాలక సంఘాలకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. ఇలాంటి మరణాలకు ప్రభుత్వాలు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో పది లక్షలుగా నిర్ణయించి, 2023 అక్టోబరులో ముప్పై లక్షలకు పెంచింది. నేను దిగను, యంత్రం బండి పిలిపించండి అన్న ప్లంబరును పొగరుబోతు అనకండి. అతను తన ప్రాణాన్నే కాదు, మిమ్మల్ని కూడా కాపాడుతున్నాడు.

మరి ఇంటి యజమాని ఎంత ఖర్చుకు సిద్ధపడాలి? ఒక్క అంకె చెప్పమంటే ఎవరు చెప్పినా అది తప్పే అవుతుంది. అడగాల్సింది మూడు విడి విడి అంకెలు. వచ్చి చూసి కారణం చెప్పడానికి ఎంత, పని చేయడానికి ఎంత, సామాను ఎంత. మొదటిది ఇవ్వడానికి వెనకాడకూడదు, పని అతనికే అప్పగిస్తే దాన్ని కూలిలో సర్దుకోమని అడగడం సబబే. రెండోది కాగితం మీద రాయించుకుని, ఎన్నాళ్లలోపు మళ్లీ కారితే ఉచితంగా చూడాలో అందులోనే రాయించుకోవాలి. సరైన కూలి ఇచ్చినవారికే ఆ షరతు పెట్టే హక్కు ఉంటుంది. మూడోదానికి మనమే షాపుకు పోవాలి. బెంగళూరు యాప్ కంపెనీల్లా రేటు పట్టిక ఉంటే సరిపోతుందనేవారున్నారు. కొళాయి బిగించడం, గీజరు తగిలించడం వంటి కంటికి కనిపించే పనులకు పట్టిక మంచిదే, మన ఊళ్ల ప్లంబర్లూ పెట్టుకోవచ్చు. ఇరవై ఏళ్ల ఇంట్లో గోడ ఎందుకు తడుస్తోందన్నదానికి పట్టిక ఉండదు. కూలి రేట్లు వచ్చే ఏళ్లలో ఇంకా పెరుగుతాయి, పనిమంతులను బెంగళూరు లాగుతున్నంతకాలం పెరగక తప్పదు. ఇప్పుడు ఇల్లు మొదలుపెట్టేవారు ఎస్టిమేటులో ప్లంబింగ్ కూలికి సామానుతో కలపకుండా వేరే పద్దు పెట్టుకోవాలి, పూతకు ముందు ఒత్తిడి పరీక్షకయ్యే ఆ ఒక్క పూట కూలినీ అందులోనే రాసుకోవాలి.